ఎముకల కొలిమి

భాగవతంలోని వృత్రాసురుడి కథ మీలో చాలామంది నాన్నమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో వినే ఉంటారు. ఏ ఆయుధానికీ లొంగని రాక్షసుడు వాడు. దేవతలు దధీచి మహర్షి దగ్గరికి వెళ్లి ఆయన ఎముకలు ఇమ్మని అడుగుతారు. ఆయన సరేనని ప్రాణం విడుస్తాడు. విశ్వకర్మ ఆ ఎముకలతో వజ్రాయుధం చేసి ఇంద్రుడి చేతికిస్తాడు. కథ అక్కడి నుంచి యుద్ధంలోకి దూకేస్తుంది. విశ్వకర్మ కొలిమిలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. మాకు తెలుసుకోవాలని ఉన్నదల్లా అదే.

సైన్యంలో పనిచేసేవారి పిల్లలకు ఈ వజ్రాయుధం ఇంకో విధంగా కూడా తెలుసు. పరమవీర చక్ర పతకాన్ని బొమ్మలోనైనా చూసే ఉంటారు కదా. మధ్యలో మన జాతీయ చిహ్నం, దాని చుట్టూ నాలుగు వజ్రాయుధాలు ఉంటాయి. ఆ పతకాన్ని రూపొందించినవారు సావిత్రీ ఖానోల్కర్. పుట్టుకతో ఐరోపా మహిళ, భారతీయ సైనికాధికారిని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. దేశం కోసం ఎముకలు కూడా ఇచ్చేసిన దధీచి కథే ఆ నాలుగు వజ్రాల వెనక ఉంది.

ఇప్పటి కాల్పనిక నవలల్లో, కంప్యూటర్ ఆటల్లో కూడా ఎముకల కొలుములు కనిపిస్తున్నాయి. ఇటు నుంచి ఎముక వేస్తే అటు నుంచి తాయెత్తో, మంత్రదండమో, ఎప్పటికీ ఆరని దీపమో వస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లో అయితే ఎముకను పొడిచేసి పైరు మీద చల్లితే చాలు, చూస్తుండగానే ఎదుగుతుంది. ఇలాంటి కొలిమి నిజంగా ఉంటుందా అని అడిగితే, ఉంది. అందులోంచి వెలుతురు దాటే కప్పు వచ్చింది, కల్తీని తాగేసే గిన్నె వచ్చింది, చీకట్లో మెరిసే పదార్థం వచ్చింది, నీళ్లలోని విషాన్ని పట్టే బొగ్గు వచ్చింది. వీటిలో మంత్రం లేదు. ఎముక దేనితో తయారైందో తెలిస్తే మిగిలినదంతా అర్థమవుతుంది.

మట్టి గోడలు కట్టేవాళ్లు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు. ఒట్టి మట్టి అయితే పగులుతుంది, ఒట్టి గడ్డి అయితే నిలబడదు. ఎముక కూడా అలాంటి కట్టడమే. అందులో గడ్డి స్థానంలో ఉన్నది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు. మట్టి స్థానంలో ఉన్నది కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం. దాన్ని హైడ్రాక్సీ అపటైట్ అంటారు. పేరు పెద్దదే కానీ అది మీ పళ్లలోనూ ఉంది కాబట్టి కొంచెం మర్యాద ఇవ్వాలి. ఎండిన ఎముకను తూకం వేస్తే అందులో సుమారు మూడింట రెండు వంతులు ఈ ఖనిజమే.

ఈ రెండింటినీ విడదీయడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఇంట్లోనే చేయొచ్చు. శుభ్రంగా కడిగిన కోడి కాలి ఎముకను సీసాలో వేసి మునిగేదాకా వెనిగర్ పోయండి. రెండు మూడు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం పది రోజులు ఉంచితే ఆమ్లం ఖనిజాన్ని కరిగించేస్తుంది, కొల్లాజెన్ మిగులుతుంది. ఎముక రూపం అలాగే ఉంటుంది, కానీ రబ్బరులా వంగుతుంది. రెండో దారి నిప్పు. ఇది ఇంట్లో వద్దు. వాసన పక్క క్వార్టర్స్ దాకా పోతుంది, ఆ తర్వాత మీ పరిస్థితికి మా బాధ్యత లేదు. నిప్పులో కొల్లాజెన్ కాలిపోతుంది, ఖనిజం మిగులుతుంది. ఇప్పుడు కూడా ఎముక రూపం అలాగే ఉంటుంది, కానీ వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. దహనం తర్వాత అస్థికలు మిగిలేది కూడా ఇందువల్లే. శరీరంలో మిగతావన్నీ కాలిపోయినా ఖనిజం కాలదు.

కొలిమి దగ్గర కూర్చున్నవాడు గమనించవలసింది రంగు. వేడెక్కేకొద్దీ ఎముక ముందు పసుపు, గోధుమ రంగుల్లోకి మారుతుంది. తర్వాత నల్లబడుతుంది. ఆ నలుపు కొల్లాజెన్ మాడి మిగిలిన కర్బనం. గాలి బాగా తగులుతూ ఇంకా వేడి పెరిగితే ఆ కర్బనం కూడా కాలిపోయి ఎముక బూడిద రంగుకు, చివరికి సుద్దలాంటి తెలుపుకు వస్తుంది. గాలి అందకుండా మూసి కాలిస్తే నలుపు దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒకే ఎముక నుంచి, మూత పెట్టామా లేదా అనే దాన్ని బట్టి రెండు వేర్వేరు వస్తువులు వస్తాయి. తెల్లది ఎముక బూడిద, నల్లది ఎముక బొగ్గు. మిగతా కథంతా ఈ రెండింటిదే.

ముందు తెల్లదాని సంగతి. బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో అమ్మ స్వయంగా పాత పేపర్లలో చుట్టి, దుప్పట్ల మధ్య పెట్టి, పెట్టె మీద పెద్ద అక్షరాలతో జాగ్రత్త అని రాయించే టీ సెట్టు ఒకటుంటుంది. దాని అడుగున బోన్ చైనా అని రాసి ఉందేమో చూడండి. చాలామంది అది ఏదో కంపెనీ పేరనుకుంటారు. బోన్ అంటే నిజంగా ఎముకే. చైనా అంటే మాత్రం చైనా దేశంలో చేసినదని కాదు, పింగాణీ అని. ఈ రకం పింగాణీ పుట్టింది ఇంగ్లండులో.

తెల్లగా, సన్నగా, మీటితే గంటలా మోగే పింగాణీని చైనావాళ్లు వందల ఏళ్ల ముందే చేశారు. ఐరోపా రాజులు దాన్ని బంగారం పెట్టి కొనుక్కున్నారు, ఎలా చేస్తారో మాత్రం వాళ్లకు అంతుపట్టలేదు. జర్మనీలోని సాక్సనీ రాజు అగస్టస్ అయితే బంగారం తయారుచేస్తానని గొప్పలు చెప్పుకున్న బట్గర్ అనే యువకుణ్ణి బంధించి పెట్టుకున్నాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడి పర్యవేక్షణలో ఆ యువకుడు చేసిన ప్రయోగాల వల్ల 1708 ప్రాంతంలో గట్టి పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్‌లో కర్మాగారం పెట్టారు. రాజుకు ఒక రకంగా బంగారమే దొరికినట్టు.

ఇంగ్లండు కుమ్మరులకు ఆ రహస్యం తెలియదు. వాళ్లు చేతికందినదల్లా మట్టిలో కలిపి చూశారు. 1740ల చివర్లో లండన్ తూర్పున ఉన్న బో అనే చోట థామస్ ఫ్రై ఎముకల బూడిద కలిపాడు. ఆ శతాబ్దం చివర్లో స్టోక్ పట్టణంలో స్పోడ్ కుటుంబం సరైన పాళ్లు కుదిర్చింది. సగం ఎముక బూడిద, పావు వంతు చైనా క్లే అనే తెల్ల బంకమన్ను, పావు వంతు కార్న్‌వాల్‌లో దొరికే ఒక రకం రాయి పొడి. ఇప్పటికీ బోన్ చైనా పాళ్లు దీనికి దగ్గరగానే ఉంటాయి. పశువుల ఎముకలను ముందు ఉడికించి కొవ్వు, జిగురు తీసేసి, సుమారు 1000 డిగ్రీల దగ్గర కాల్చి, మెత్తగా నూరి కలుపుతారు. ఎముకలో ఇనుము చాలా తక్కువ. కుండ ఎర్రగా ఉండేది మట్టిలోని ఇనుము వల్లే కాబట్టి, అది లేకపోతే తెలుపు తెలుపుగానే ఉంటుంది.

కప్పు చేసి 1200 డిగ్రీలు దాటిన బట్టీలో పెడితే లోపల కొంత భాగం కరిగి గాజులా మారి రేణువుల మధ్య ఖాళీలను నింపేస్తుంది. ఆ గాజూ, అందులో పుట్టిన స్ఫటికాలూ వెలుతురును దాదాపు ఒకేలా వంచుతాయి. అందుకే కిరణం లోపల చెదిరిపోకుండా ఇవతలికి వస్తుంది. సెట్టులోని ఖాళీ కప్పును కిటికీకి ఎదురుగా పట్టుకుని వెనక వేలు పెట్టి చూడండి, వేలి నీడ కనిపిస్తే అసలు సరుకు అనుకోవచ్చు. కప్పు జారిపోతే మా పేరు చెప్పకండి. అంత సన్నగా ఉన్నా మామూలు పింగాణీ కంటే బోన్ చైనా గట్టిది, అంచులు తొందరగా విరగవు.

ఎముకతో చేసినదని తెలిశాక కొందరు ఈ కప్పుల్లో టీ తాగరు. అది వాళ్ల ఇష్టం, అందులో వాదనకేమీ లేదు. ఎముక లేకుండా, రసాయనశాలలో చేసిన కాల్షియం ఫాస్ఫేట్‌తో ఇలాంటి కప్పులు చేసేవాళ్లూ ఉన్నారు.

తెల్ల బూడిద చేసే రెండో పని బంగారం పరీక్ష. తెలుగులో మంచి మనిషిని పుటం పెట్టిన బంగారం అంటాం, ఎవరి విలువైనా తేల్చాలంటే గీటురాయి అంటాం. రెండూ కంసాలి దగ్గర నుంచి వచ్చిన మాటలే. గీటురాయి మీద గీత చూసి సుమారుగా చెప్పొచ్చు. కచ్చితంగా చెప్పాలంటే కొలిమి కావాలి. ఎముక బూడిదను కొంచెం తడిపి, అచ్చులో ఒత్తి, ఆరబెట్టి చిన్న గిన్నె చేస్తారు. దాన్ని కుపెల్ అంటారు. నగలోంచి చిన్న తునక తీసి, జాగ్రత్తగా తూచి, కొంత వెండి కలిపి, సీసం రేకులో చుట్టి ఆ గిన్నెలో పెట్టి, 1000 డిగ్రీల దాకా వేడిచేసిన కొలిమిలో గాలి ఆడేలా ఉంచుతారు.

సీసం కరిగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సీసపు ఆక్సైడ్ అవుతుంది. నగలో కలిసిన రాగి వంటివి కూడా ఆక్సైడ్లయి అందులో కలిసిపోతాయి. బంగారం, వెండి ఆక్సిజన్‌ను ముట్టుకోవు. ఇప్పుడు గిన్నె వంతు. కరిగిన లోహం ఎముక బూడిదను తడపలేదు, తామరాకు మీద నీటిబొట్టులా పైనే ఉంటుంది. కరిగిన ఆక్సైడ్ మాత్రం బూడిదలోని సన్న రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. తన బరువంత సీసాన్ని ఆ గిన్నె తాగేయగలదు. ఆఖరి సీసం పొర తొలగిన క్షణంలో లోహపు పూస ఒక్కసారి తళుక్కుమంటుంది. దాన్ని చూడటానికే ఆ పని నేర్చుకోవచ్చని మాకు అనిపించింది. ఆ పూసను సాగగొట్టి నైట్రిక్ ఆమ్లంలో వేస్తే వెండి కరిగిపోయి బంగారం ఒక్కటే మిగులుతుంది. దాన్ని మళ్లీ తూచి మొదటి తూకంతో పోల్చితే, వెయ్యికి 916 భాగాలు ఉంటే 22 క్యారెట్లు, 750 ఉంటే 18 క్యారెట్లు.

ఇది పాతకాలపు సంగతి కాదు. ఇప్పటికీ హాల్‌మార్క్ కేంద్రాల్లో బంగారానికి ఆఖరి మాట ఈ నిప్పు పరీక్షదే. ఎక్స్‌రే యంత్రం త్వరగా చెబుతుంది కానీ అది ఎక్కువగా పైపొర సంగతే చెబుతుంది. మన దేశంలో 2021 జూన్ నుంచి విడతలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. ఇప్పుడు కొనే నగ మీద ఆరు అక్షరాలు, అంకెల గుర్తు ఒకటి ఉంటుంది, ఇంట్లో అడిగి భూతద్దంతో చూడండి. గిన్నెలు మాత్రం ఇప్పుడు చాలాచోట్ల మెగ్నీషియం ఆక్సైడ్‌తో చేస్తున్నారు.

కొలిమిలోంచి వచ్చినవన్నీ మంచివే అనుకోవద్దు. 1669లో హాంబర్గ్ నగరంలో హెనిగ్ బ్రాంట్ అనే రసవాది బంగారం కోసం మూత్రాన్ని మరిగించి మరిగించి, చీకట్లో దానంతటదే మెరిసే ఒక పదార్థాన్ని సంపాదించాడు. అదే ఫాస్ఫరస్, మన పుస్తకాల్లో భాస్వరం. వందేళ్ల తర్వాత స్వీడన్‌కు చెందిన గాన్, షీలే అనే శాస్త్రవేత్తలు ఎముకల్లో ఉన్నది కూడా ఇదేనని తేల్చారు. ఎముక బూడిదలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, వచ్చినదాన్ని బొగ్గుతో కలిపి గట్టిగా వేడిచేస్తే భాస్వరం ఆవిరిగా బయటికి వస్తుంది. దాన్ని నీళ్ల కింద పట్టుకోవాలి, గాలి తగిలితే అంటుకుంటుంది. మూత్రం కోసం బాల్చీలు పట్టుకు తిరిగే బాధ తప్పింది. భాస్వరం చవకైంది. దానితో అగ్గిపుల్లలు వచ్చాయి.

ఆ తెల్ల భాస్వరం అగ్గిపుల్లల కర్మాగారాల్లో పనిచేసినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, మీ వయసు అమ్మాయిలు. గదిలోని ఆవిరి పీల్చీ పీల్చీ కొందరికి ముందు పంటినొప్పి వచ్చేది, తర్వాత దవడ ఎముక కుళ్లిపోయేది. 19వ శతాబ్దంలో చాలాకాలం భాస్వరానికి ముడిసరుకు ఎముక బూడిదే. పశువు ఎముకలోంచి తీసినది మనిషి ఎముకను తిన్నది. మేము చదివినవాటిలో దీని కంటే భయంకరమైన మంత్రగాళ్ల కథ లేదు.

1888లో లండన్‌లోని బో ప్రాంతంలో, ఇందాక పింగాణీ దగ్గర చెప్పుకున్న బో ప్రాంతంలోనే, బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కర్మాగారంలో సుమారు 1,400 మంది మహిళలు, అమ్మాయిలు సమ్మె చేశారు. తక్కువ కూలి, చిన్న తప్పుకు జరిమానాలు, అన్నం తినడానికి వేరే గది కూడా లేకపోవడం, ఇవీ వాళ్ల బాధలు. అంతకు కొన్ని రోజుల ముందు ఆ కర్మాగారం గురించి పత్రికలో ఘాటుగా రాసినావిడ పేరు మనకు కొత్తది కాదు. ఆమె అనీ బిసెంట్. తర్వాత మన దేశానికి వచ్చి, 1917లో జాతీయ కాంగ్రెస్ అధ్యక్షురాలైన అనీ బిసెంటే. మదనపల్లెలో ఆమె పేరుతో కళాశాల ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. సమ్మె గెలిచింది కానీ తెల్ల భాస్వరం వెంటనే పోలేదు. బ్రిటన్‌లో 1908లో చట్టం చేసి, 1910 నుంచి తెల్ల భాస్వరం అగ్గిపుల్లలు ఆపేశారు. శివకాశి అగ్గిపెట్టె పక్కన గీకే పట్టీలో ఇప్పుడు ఉండేది ఎర్ర భాస్వరం, అది ఆ జబ్బు తేదు.

ఇక నల్లది, ఎముక బొగ్గు. దీనికి మొదట పేరొచ్చింది చక్కెర మిల్లుల్లో. రంగుగా ఉన్న చెరకు పానకాన్ని ఎముక బొగ్గు గుండా పంపితే తెల్లబడుతుందని 19వ శతాబ్దం మొదట్లో కనిపెట్టారు. అది అలా ఉంచి, మనకు దగ్గరైన సంగతికి వద్దాం.

1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గురించి వైద్యులు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ ఊళ్లలో మనుషులకు వెన్ను బిగుసుకుపోవడం, కీళ్లు వంగకపోవడం, పళ్లు గారపట్టినట్టు మచ్చలు పడటం చూసి, కారణం తాగేనీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. తర్వాత ఈ జబ్బు పేరు చెబితే నల్లగొండ గుర్తొచ్చేంతగా అక్కడి పల్లెలు బాధపడ్డాయి. ముప్పై ఏళ్లకే ముసలివాళ్లలా వంగిపోయినవాళ్లు, నడవలేని పిల్లలు ఉన్న ఫొటోలు మనలో కొందరైనా పత్రికల్లో చూసి ఉంటారు. మా అమ్మమ్మ తరంవాళ్లు ఫలానా ఊరికి పిల్లనివ్వం అని చెప్పడానికి నీళ్లే కారణంగా ఉండేదట.

ఇందులో ఎవరి తప్పూ లేదు, రాయి తప్పు. అక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నేల కింది నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్ల మధ్య నిలిచి కొంత కరిగించుకుంటాయి. పై బావులు ఎండిపోయి బోర్లు లోతుకు వెళ్లినచోట బెడద ఎక్కువవుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం చెబుతుంది. అసలు చిక్కు ఏమిటంటే ఈ నీళ్లకు రంగూ రుచీ వాసనా తేడాగా ఉండవు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా పోదు.

లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ ఏం చేస్తుంది? మన ఎముకలోని హైడ్రాక్సీ అపటైట్‌లో హైడ్రాక్సిల్ అనే చిన్న భాగం ఉంది. ఫ్లోరైడ్ దాదాపు దానంతే ఉంటుంది. బస్సులో ఒకరు లేవగానే మరొకరు కూర్చున్నట్టు, దాని చోటులో ఇది చేరిపోతుంది. ఆ తర్వాత లేవదు. పళ్ల మీద కొంచెం చేరితే మంచిదే, టూత్‌పేస్టులో వేసేది అందుకే. ఏళ్ల తరబడి ఎక్కువగా చేరితే ఎముక మందమై, వంకరై, నరాల మీద ఒత్తుతుంది. చిన్నప్పుడు లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసులో ఈ నీళ్లు తాగితే ఆ మచ్చలు జీవితాంతం ఉంటాయి. వంగిన వెన్నును మందు సరిచేయదు. చేయగలిగిందల్లా నీళ్లు మార్చడమే.

ఎముక ఫ్లోరైడ్‌ను అంత గట్టిగా పట్టుకుంటుంది కదా, ఆ పట్టును మన ఒంట్లో కాకుండా బయటే వాడుకుంటే? ఎముక బొగ్గు చేసేది అదే. గాలి తక్కువ ఉన్న బట్టీలో 400, 500 డిగ్రీల మధ్య కాల్చిన పశువుల ఎముకలను చిన్న పలుకులుగా కొట్టి, కడిగి, డబ్బాలో నింపి నీళ్లు పోస్తే, నీటిలోని ఫ్లోరైడ్ ఆ పలుకుల్లోని ఖనిజానికి అంటుకుపోతుంది. తాగేవాడి ఎముకకు పట్టవలసిన విషం ముందే వేరే ఎముకకు పడుతుంది. దధీచి కథ చదివినవాళ్లకు ఇది ఏమీ వింతగా అనిపించదు.

కానీ మంట లెక్క తప్పకూడదు. తక్కువ కాలితే కొవ్వు, జిగురు మిగిలిపోయి నీళ్లు కంపు కొడతాయి, ఒక్క గుక్క తాగాక ఇక ఎవరూ ఆ డబ్బా ముట్టుకోరు. ఎక్కువ కాలితే పలుకులు తెల్లబడిపోతాయి. కప్పులకు అంత బాగా పనికొచ్చే తెలుపు ఇక్కడ దండగ. బాగా వేడెక్కినప్పుడు ఖనిజపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, లోపలి సన్న రంధ్రాలు మూసుకుపోయి ఫ్లోరైడ్ పట్టే చోటే లేకుండా పోతుంది. అందుకే బట్టీ తెరిచాక నల్లవి ఉంచుకుని మిగతావి ఏరేయాలి. ఇంకో సంగతి, పలుకులకు పట్టే శక్తి ఒకరోజు అయిపోతుంది. అయిపోయినట్టు పైకి తెలియదు, నీళ్లు అంతే తేటగా వస్తుంటాయి. పరీక్ష చేస్తూ ఉండి, కాస్టిక్ సోడాతో కడిగి తిరిగి వాడుకోవాలి, లేదా కొత్తవి నింపాలి.

తూర్పు ఆఫ్రికాలో, అగ్నిపర్వతపు రాళ్ల వల్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే కెన్యా, టాంజానియా పల్లెల్లో ఈ ఎముక బొగ్గు వడపోత వాడారు. మన దగ్గర ఎముక గుండా వచ్చిన నీళ్లు తాగడానికి చాలామందికి మనసొప్పలేదు. శాస్త్రవేత్తలు ఆ అయిష్టాన్ని మూఢత్వం అని కొట్టిపారేస్తే నీళ్లు ఎవరూ తాగకపోదురు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ, 1970లలో వేరే దారి వెతికింది. నీళ్లలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పై తేట తీసుకోవడం. దీనికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే అది టాంజానియాకూ, ఇథియోపియాకూ వెళ్లింది. నల్లగొండ ఎక్కడుందో తెలియని ఆఫ్రికా ఇంజనీర్లు ఆ మాట పలుకుతున్నారంటే మాకు కొంచెం గర్వంగానూ, ఆ పేరు ఎందుకొచ్చిందో తలుచుకుంటే కొంచెం కష్టంగానూ ఉంటుంది. ఆ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. రోజూ ఎవరో ఒకరు కలపాలి, పాళ్లు ఊరికో రకం, మడ్డిని పారబోయడానికి చోటు కావాలి, పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం అసలు బోరు నీళ్లనే పక్కనపెట్టి కృష్ణా, గోదావరి నీళ్లను శుద్ధిచేసి గొట్టాల్లో ఇళ్లకు పంపే దారి పట్టింది.

మన ఇళ్లలో రెండు మూడేళ్లకోసారి నీళ్లు మారుతుంటాయి. కొత్త ఊళ్లో మొదటి వారం పప్పు ఉడకలేదనో, జుట్టు రాలుతోందనో అమ్మ అనే ఉంటుంది. అది నీటి కఠినత్వం సంగతి, ఫ్లోరైడ్ వేరు. క్వార్టర్స్‌కు నది నీళ్లు వస్తే చింత తక్కువ. బోరు నీళ్లయితే, అందులోనూ రాజస్థాన్, గుజరాత్, కర్ణాటక, తెలుగు రాష్ట్రాల్లోని మెట్ట ప్రాంతాలకు బదిలీ అయితే, ఒకసారి పరీక్ష చేయించమని నాన్నగారికో అమ్మకో చెప్పండి. జిల్లాలో తాగునీటి విభాగానికి ప్రయోగశాల ఉంటుంది, ఒక లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్తే చాలు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఊరికి ఐదుగురు మహిళలకు చొప్పున నీటి పరీక్ష నేర్పించే ఏర్పాటు ఉంది, వాళ్ల దగ్గర చిన్న కిట్టు ఉంటుంది. అందులో ఫ్లోరైడ్‌కు ఒక రకం మందు వేస్తారు. నీళ్లలో ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ ఎరుపు అలాగే ఉంటుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. పక్కన ఇచ్చిన రంగుల కార్డుతో పోల్చి 1.5 గీతకు ఇవతల ఉందో అవతల ఉందో చూసుకోవడమే.